జవాబు పంపినవాళ్ళే హాజరు

గురువారం పొద్దున, ఎండ ఇంకా గోడలు దిగకముందే, చెన్నూరు సర్కారు దవాఖాన వరండాలో మా సారు చనిపోయారు. వచ్చే సోమవారం పది గంటలకు ఆయన కరీంనగర్ కాలేజీలో తెలుగు పరీక్ష రాయాల్సి ఉంది. అది మూడోసారి. నిబంధన ప్రకారం అదే ఆఖరుసారి.

గడ్డం గీసుకుంటుండగా ఛాతీలో నొప్పి వచ్చింది. అద్దం ముందు నుంచి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నారు. పక్కింటివాళ్ళు ఎడ్లబండి కట్టారు. దవాఖానలో డాక్టరు ఇంకా రాలేదు. కాంపౌండరు చెయ్యి పట్టి చూసి, కాసేపు అలాగే పట్టుకుని ఉండి, వదిలేశాడు. ఒక బుగ్గ మీద సబ్బు ఎండిపోయి ఉంది. సారు భార్య కొంగు తడిపి దాన్ని తుడిచింది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆయన మా ఊరి మిడిల్ స్కూల్లో టీచరు. నేను కింది తరగతుల్లో లెక్కలు ఆయన దగ్గర ఉర్దూలో నేర్చుకున్నాను. పోలీసు చర్య తర్వాత ఒక ఎండాకాలం సెలవులయ్యాక బడికి పోతే బోర్డు మీద అక్షరాలు మారాయి. సారు మాత్రం అదే సారు. ఆయన తన చదువంతా ఉర్దూలో చదివినవారు. తెలుగు ఇంట్లో మాట్లాడిన భాష, అక్షరాలు మేనమామ దగ్గర నేర్చుకున్నవి. రేపు మాకు చెప్పాల్సిన పాఠం ఇవాళ సాయంత్రం ఆయన చదువుకునేవారు. ఎక్కడైనా ఒక మాట అడ్డం తగిలితే దాచేవారు కాదు. "గిది నాకు గూడ కొత్తే. ఇద్దరం కలిసి తెలుసుకుందాం" అనేవారు.

మూడేళ్ళ కిందట హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీ పి.యు.సి. పాఠాలను తపాలాలో పంపడం మొదలుపెట్టింది. కాలేజీకి పోలేని టీచర్లు, గుమాస్తాలు, ఆడవాళ్ళు ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా పరీక్షకు కూర్చోవచ్చు. మెట్రిక్ దగ్గర చదువు ఆగిపోయిన సారు మొదటి జట్టులోనే చేరారు. అప్పటికే ఆయన తల సగం నెరిసింది. ఈ వయసులో ఎందుకని నేను అడిగాను.

"ఇన్నేండ్ల సంది పిల్లలను తెలుగుల ఫెయిల్ చేస్తున్న గదరా. నేనొక్కసారన్న పాసు గావద్దా?" అన్నారు.

ఆయన చేరడం చూసి ఇంకో నలుగురు చేరారు. అందులో ఒకరు బెల్లంపల్లి గనుల్లో గుమాస్తా. ఒకరు మా ఊరి నేతవాళ్ళ ఇంటి కోడలు పద్మ. పుట్టింట్లో మెట్రిక్ పాసై, చెన్నూరుకు వచ్చి, మగ్గం పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టే పనిలో పడింది. ఆదివారం పొద్దున ఈ అయిదుగురూ బడి వరండాలో కలిసేవారు. సారు కూడా వాళ్ళలాగే విద్యార్థి. అయినా అందరికీ సారే. నేను మొదట వార్త కోసం పోయాను, తర్వాత ఊరికే పోతూ వచ్చాను.

"ఏంరా పేపరోడా, మా కాలేజీ గురించి ఏం రాస్తవు?" అని మొదటి రోజే అడిగారు.

"మీరే చెప్పండి సారు."

"గోడల్లేవని రాయి. బెంచీల్లేవని రాయి. గంట లేదని మాత్రం రాయకు. గంట నేను కొడుత."

నిజంగానే కొట్టేవారు. బడి దూలానికి వేలాడే రైలు పట్టా ముక్క మీద ఒకే దెబ్బ. ఆ తర్వాత కాలేజీవాళ్ళు పాఠాలతో పాటు పంపిన గులాబీ రంగు కాగితం తీసి నిబంధనలు చదివేవారు. ప్రతి ఆదివారం చదివేవారు. అందరికీ కంఠస్థం అయిన తర్వాత కూడా మానలేదు.

జవాబులు సొంత మాటల్లో, కాగితానికి ఒకవైపే రాయాలి. ఎడమ పక్కన రెండు వేళ్ళంత జాగా వదలాలి. పేరు రాయకూడదు, నంబరే రాయాలి. గడువు లోపల పంపాలి. పోస్టాఫీసు ముద్ర మీది తారీఖే లెక్క. వరుసగా మూడు పాఠాలకు జవాబులు రాకపోతే పేరు కొట్టేస్తారు. దిద్దిన పత్రం మూడు వారాల్లోపు తిరిగి వస్తుంది. మూడుసార్లు రాసినా అన్ని పేపర్లూ పాసుకాని వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

వీటన్నిటిలో సారుకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. ఈ కోర్సుకు హాజరుపట్టీ లేదు, జవాబు పత్రం అందడమే హాజరు. దీన్ని ఆయన తన మాటల్లోకి మార్చుకున్నారు. "జవాబు పంపినోళ్ళే హాజర్" అనేవారు. అప్పుడు పిలుపు మొదలయ్యేది.

"పద్మ?"

"హాజర్ సారు."

"పోయిన పాఠం జవాబు?"

"పంపిన సారు. ఇంక తిరిగి రాలే."

"అయితే తొవ్వల ఉన్నది. బెల్లంపల్లి గుమాస్తా?"

"రాలే సారు. డ్యూటీ పడ్డదంట."

"జవాబు పంపిండా?"

"పంపిండని చెప్పుమన్నడు."

"అయితే గైర్‌హాజర్ గాదు. తొవ్వల ఉన్నడు."

జవాబు దారిలో ఉంటే మనిషి కూడా తొవ్వలో, అంటే దారిలో, ఉన్నట్టే లెక్క. చివరికి తన నంబరు తానే పిలిచి, తానే హాజర్ అని పలికేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. మొదట్లో నవ్వాను నేనొక్కణ్ణే.

వానాకాలంలో ఈ నిబంధనలు పాటించడం తేలిక కాదు. వాగు పొంగితే మంచిర్యాల బస్సు రాదు, బస్సు రాకపోతే తపాలా సంచి కదలదు. అయినా ముద్ర తారీఖే లెక్క కాబట్టి సారు గొడుగు వేసుకుని పోస్టాఫీసుకు పోయి, తన ఎదుట ముద్ర వేయించుకుని వచ్చేవారు. "సారూ, బస్సే లేదు, ముద్రేయించుకొని ఏం జేస్తరు?" అని పోస్టుమాస్టరు అడిగితే, "నా పని నేను జేసిన. ఇగ వాగుది, నీది" అన్నారట.

తప్పు జరిగింది తెలుగు దగ్గర.

తెలుగు మొదటి పాఠం కింద ఒక ప్రశ్న ఇచ్చారు. మీరు చూసిన వరదను సొంత మాటల్లో వర్ణించండి అని. సారు ఆ ప్రశ్న చూసి సంబరపడ్డారు. గోదావరి పక్కన పుట్టినవాళ్ళకు వరద గురించి ఒకరు చెప్పాలా?

"సొంత మాటలంటే మన మాటలే. అరువు మాటలు వద్దంటుండ్రు, మంచిదే. ఎట్ల మాట్లాడుతమో అట్లనే రాయుండ్రి" అన్నారు.

అందరూ అలాగే రాశారు. పద్మ రాసిన వాక్యం ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. 'గోదారి ఇంటికొచ్చిన సుట్టం లెక్క వచ్చింది. పొమ్మంటే పోలే.' సారు తన చిన్నప్పుడు వాళ్ళ అవ్వ గింజల గంప నెత్తిన పెట్టుకుని, మేకపిల్లను చంకన పెట్టుకుని గడ్డకు ఎక్కడం రాశారు. అది చదువుతుంటే బెల్లంపల్లి గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మూడు వారాలకు పత్రాలు తిరిగి వచ్చాయి. అయిదింటి మీదా ఎర్ర సిరా. వచ్చిండు, పోయిండు, రాలే, పోలే, ఉన్నది అనే మాటలన్నిటి కింద గీతలు. చివర్న అందరికీ ఒకే వాక్యం. 'ఇది గ్రామ్యము. సొంత మాటల్లో రాయవలెను.'

పద్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సారూ, గివి మన మాటలు గావా? మరెవ్వరియి?"

సారు ఆ కాగితాన్ని మడిచి ఆమె చేతికిచ్చారు. తర్వాత, "మనయే బిడ్డా. వాండ్లకు తెల్వది" అన్నారు.

ఆయన కాలేజీకి ఒక కార్డు రాశారు. సొంత మాటలనగా ఎవరి మాటలో దయచేసి తెలుపగలరు అని. జవాబుగా మరో గులాబీ కాగితం వచ్చింది. అందులో సొంత మాటల నిబంధన కింద గీత గీసి ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

నేను దాని మీద ఘాటుగా ఒక వార్త రాస్తానన్నాను. వద్దన్నారు. "పరీక్ష వాండ్లది. కొట్లాడితే వీండ్ల ఏడాది పోతది" అన్నారు. తర్వాతి ఆదివారానికి ఒక పద్ధతి కనిపెట్టుకుని వచ్చారు. ప్రతి జవాబూ రెండుసార్లు రాయాలి. మొదట మన మాటల్లో రాసి, పైకి చదవాలి. అందరూ విన్నాక దాన్నే పుస్తకం మాటల్లోకి మార్చాలి. రెండోది హైదరాబాదుకు, మొదటిది ఇంటికి.

"ఇంట్ల కట్టే బట్ట వేరు, సర్కారు కచేరికి కట్టుకపోయే బట్ట వేరు. రెండూ మనయే. కచేరిది కట్టుకున్ననాడు ఇంటిది పారేస్తమా?" అన్నారు.

నేతవాళ్ళ ఊళ్ళో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. నలుగురూ నేర్చుకున్నారు. ఎర్ర గీతలు తగ్గుతూ వచ్చాయి. గుమాస్తా, ఇంకో ఇద్దరూ పోయినేడు పాసయ్యారు. పద్మ పోయినేడు కాన్పు వల్ల పరీక్షకు పోలేదు.

పద్ధతి కనిపెట్టిన మనిషి మాత్రం తెలుగులో ఫెయిలయ్యారు. మిగతా పేపర్లన్నీ మొదటిసారే గట్టెక్కారు. తెలుగు రెండుసార్లు పోయింది. వరండాలో కూర్చున్నప్పుడు తప్పు రాదు. పరీక్ష హాల్లో వేగంగా రాస్తుంటే చెయ్యి తన దారిన తాను పోతుంది. రెండోసారి ఫలితం వచ్చిన రోజు పోస్టాఫీసు మెట్ల మీద కనిపించారు.

"ఏమైంది సారు?"

"'వచ్చిండు' వచ్చిండురా. రావద్దన్న వచ్చిండు" అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మా అవ్వ మాట చేతికెక్కింది. చెయ్యిని ఎట్ల ఫెయిల్ జెయ్యాలె?" అన్నారు.

ఈ ఏడు సోమవారం పరీక్షకు ఇద్దరే ఉన్నారు. సారు, పద్మ. పద్మను పంపించడం ఒక పెద్ద పంచాయితీ అయింది. ఆమె అత్త లచ్చవ్వ. భర్త పోయాక మగ్గాన్నీ ఇంటినీ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. పద్మ భర్త తల్లి మాట దాటడు. తపాలా చదువు మీద లచ్చవ్వకు మొదటి నుంచీ నమ్మకం లేదు.

"ముఖం చూడని పంతులేంది, బడికి పోని చదువేంది సారు? రేపు పోస్టుల పెండ్లి గూడ జేస్తరా?" అని ఒకసారి బజార్లోనే అడిగింది.

"చేస్తరవ్వా. మంత్రాలు ఒకదిక్కే రాయాలె, రెండు వేళ్ళు జాగ విడువాలె" అన్నారు సారు. లచ్చవ్వ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

కానీ కరీంనగర్ అనేసరికి అడ్డం తిరిగింది. బస్సులో మంచిర్యాల, రైల్లో పెద్దపల్లి, మళ్ళీ బస్సు. రాత్రి పరాయి ఊళ్ళో ఉండాలి. చంటిపిల్లను వదిలి కోడలు ఒంటరిగా పోవడమా? సారు రెండు ఆదివారాలు వాళ్ళ వాకిట్లో కూర్చున్నారు. రాత్రికి తన చెల్లెలింట్లో ఉంచుతానని, పరీక్ష అయ్యేదాకా తానూ అక్కడే ఉంటాను కదా అని చెప్పారు.

"సరే. నువ్వు తోలుకపోయి నువ్వే తోలుకొస్త అంటెనే. ఇంకొకరితోటి పంపియ్య" అంది లచ్చవ్వ.

"మాటిచ్చిన" అన్నారు సారు.

"నేను గూడ ఇచ్చిన" అంది లచ్చవ్వ.

బుధవారం సాయంత్రం నేను పోస్టాఫీసు దగ్గర ఆయన్ని ఆఖరుసారి చూశాను. చేతిలో జవాబు పత్రాల కవరు ఉంది. తెలుగు ఆఖరి పాఠానిది. పరీక్షకు ఇంకా నాలుగు రోజులే ఉంటే ఆ పత్రం పోయి, దిద్దించుకుని, తిరిగి వచ్చేదెప్పుడు, ఇప్పుడు పంపి ఏం లాభం అన్నాను.

"లాభం సంగతి నీకెందుకురా. పంపకుంటే హాజర్ పడదు" అన్నారు. ముద్ర పడేదాకా నిలబడ్డారు. తర్వాత పద్మ తయారైందా, గడియారం ఉందా అని అడిగారు, లేకపోతే తనది ఇస్తానన్నారు. తన గురించి ఒక్క మాటే అన్నారు. "ఈసారి మెల్లగ రాస్త. సగం రాసినా మంచిదే, సక్కగ రాస్త."

ఇంట్లో ఆయన భార్య ఆ రోజే పరీక్ష కోసం తెల్ల ధోవతి ఉతికి గంజి పెట్టి ఆరేసింది. గురువారం మేమంతా పోయేసరికి అది ఇంకా దండెం మీదే ఉంది. జనం దాని కింద నుంచి వంగి లోపలికీ బయటికీ తిరిగారు. తీయమని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం లచ్చవ్వ తన మగ్గం మీంచి కోసిన కొత్త బట్ట పట్టుకుని వచ్చి, సారు కాళ్ళ దగ్గర పెట్టింది. గోదావరి ఒడ్డున ఎండాకాలం నీళ్ళు చాలా లోపలికి ఉంటాయి. ఇసుకలో చాలా దూరం నడిచి మోసుకుపోయాం. పద్మ ఆడవాళ్ళతో పాటు ఇసుక మొదట్లోనే ఆగిపోయింది.

శుక్రవారం నేను వాళ్ళింటికి పోయాను. మగ్గం ఆగి ఉంది. పద్మ పుస్తకాలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టేసింది.

"సారే లేకపాయె. ఇగ నేనెట్ల పోత అన్నా?" అంది నాతో. "వచ్చేటేడు చూస్త."

వచ్చే ఏడు అనే మాట ఎంత నమ్మదగిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె భర్త తల వంచుకుని ఉన్నాడు. నేను తోడు పోతానని అనబోయి ఊరుకున్నాను. ఇంకొకరితో పంపనని లచ్చవ్వ ముందే చెప్పింది, పైగా ఆమె చెప్పింది కారణం లేకుండా కాదు.

లచ్చవ్వ గడప మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచే అంది.

"తోలుకపోత అన్నోడు పోయిండు. ఆయన మాట ఆయనతోటి పోయింది. నా మాట పోలే గద."

ఎవరికీ అర్థం కాలేదు.

"పంపిస్త అన్ననా లేదా? అన్న. అయితే పోవాలె. నేను తోలుకపోత."

"అత్తా, పిల్లెట్ల?" అంది పద్మ.

"దాన్ని గూడ తీస్కపోదాం. నువ్వు లోపల రాయి, నేను బయట ఆడిస్త. నన్ను లోపటికి రానిస్తరా పేపరాయనా?"

"రానియ్యరవ్వా. గేటు దగ్గర కూసోవాలె."

"కూసుంట. చేతులూరికే ఉంటె పిచ్చి లేస్తది. రాట్నం బస్సుల ఎక్కనిస్తరా?"

పద్మ భర్త తల ఎత్తాడు. ఆ రెండు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వింది అప్పుడే. లచ్చవ్వ మాత్రం నవ్వలేదు. అటక వైపు చూపించి, "మూట దించుకోవే. సక్కగ రాయి. ఆయన రాయబోయింది గూడ నువ్వే రాయాలె" అంది.

పద్మ మూట దించుకుంది. మగ్గం మళ్ళీ మొదలైనట్టు వినిపించింది నాకు, నేను సందు మలుపు తిరిగేసరికి.

సారు గురించి చెప్పమంటే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మంచి మాట చెబుతున్నారు. నాకు తెలిసినవి ఇవే. ఆయన ఎవర్నీ గైర్‌హాజరు వేయలేదు. నిబంధన తప్పని తెలిసినప్పుడు కూడా దాన్ని పాటించారు, తన మాటను మాత్రం విడవలేదు. అందరినీ దాటించిన చోట తాను ఆగిపోయారు. ఆయన రాసిన మేకపిల్ల పాఠం, ఇంటి ప్రతి, ఆయన బల్ల సొరుగులో ఉందని భార్య చెప్పింది. దాని మీద ఎర్ర గీతలు లేవు.

ఆదివారం తొలి బస్సుకు పద్మ, లచ్చవ్వ, చంటిపిల్ల మంచిర్యాల పోతారు. రాత్రికి సారు చెల్లెలింట్లోనే ఉంటారు. ఆమె అన్న చావుకు వచ్చి, వీళ్ళ కోసమే ఒకరోజు ముందు తిరిగిపోతోంది. సోమవారం పది గంటలకు తెలుగు పరీక్ష. ముందు నంబర్లు పిలుస్తారు. సారు నంబరు కూడా పిలుస్తారు, ఎందుకంటే ఆయన చనిపోయినట్టు కరీంనగర్‌కు ఇంకా ఎవరూ తెలియజేయలేదు. అరగంట చూసి, ఆ నంబరు ఎదురుగా గైర్‌హాజరు అని రాస్తారు. నిబంధన అదే.

ఆయన బుధవారం ముద్ర వేయించిన కవరు ఈపాటికి కాజీపేట దాటి ఉంటుంది. దిద్దిన పత్రం మూడు వారాల్లోపు బడి చిరునామాకు రావాలి. అప్పటిదాకా అది తొవ్వలోనే ఉంటుంది.